మీ షార్ట్ ఫిల్మ్‌ని స్క్రీనింగ్ నైట్‌లో వెయ్యాలంటే: ఎక్స్‌పోర్ట్ దగ్గర్నుంచి హాల్లో కూర్చునే చోటు దాకా

షూటింగ్ అయింది, డబ్బింగ్ అయింది, ఆర్ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) కూడా ఎవరో ఫ్రెండ్ కొట్టిచ్చాడు, ఇక యూట్యూబ్‌లో పడేద్దాం అనుకుంటున్నారు కదా, కొన్నాళ్ళు ఆగండి. ముందు ఏదో ఒక హాల్లో, మీరెవరో అస్సలు తెలియని పాతిక ముప్పై మంది మధ్యలో ఒకసారి వేసి చూడండి. యూట్యూబ్ గ్రాఫ్‌లో జనం ఎక్కడ వదిలేశారో తెలుస్తుంది గానీ ఎందుకు వదిలేశారో తెలీదు, హాల్లో అయితే మొహాలు కనిపిస్తాయి. కాకపోతే ఒకటి, డైలాగ్ వినపడక, బొమ్మ చీకటిగా పడి జనం ఫోన్లు తీశారనుకోండి, అప్పుడు తప్పు కథదా ప్రొజెక్టర్‌దా అనేది మీకు జన్మలో తేలదు. అందుకే కింద రాసిందాంట్లో సగం పైన వైర్లు, ఫైళ్ళు, స్పీకర్ల గోలే ఉంటుంది, విసుక్కోకండి.

ముందు ఎక్కడ వెయ్యాలి అనేది చూద్దాం. హైదరాబాద్‌లో ఉంటే ఈ విషయంలో కొంచెం అదృష్టవంతులే. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ వాళ్ళు 2016లో సినివారం పేరుతో శనివారాలు షార్ట్ ఫిల్ములు వెయ్యడం మొదలుపెట్టింది అక్కడే. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నడుస్తోంది, ఆరుబయట బండరాయి పక్కన కూర్చుని చాయ్ సమోసాతో చూసే చోటు, అక్కడికొచ్చే జనం నాటకాలూ డాక్యుమెంటరీలూ చూసి చూసి ఉన్నవాళ్ళు, మొహమాటానికి చప్పట్లు కొట్టరు. వేరే ఊళ్ళల్లో అయితే కాలేజీ సెమినార్ హాలు, లైబ్రరీ మీటింగ్ హాలు, ఏదో ఒక కెఫే మేడ మీద నెలకోసారి నలుగురు కలిసి పెట్టుకునే షో, ఇలా వెతికితే దొరుకుతాయి. దేనికైనా షో ఏ వారం ఉందో, అసలు ఇప్పుడు నడుస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే పోస్టర్ చేయించండి.

ఇంకో పద్ధతి ఉంది, మనోళ్ళు ఎక్కువగా చేసేది అదే: ప్రివ్యూ థియేటర్ ఒకటి రెండు గంటలకి అద్దెకి తీస్కోవడం, చీఫ్ గెస్ట్‌ని పిలవడం, శాలువా, బొకే, యూట్యూబ్ ఛానెల్ మైకులు. చేసుకోండి, అమ్మానాన్నా సంతోషపడతారు, నటించినవాళ్ళకి ఫొటోలు వస్తాయి. కానీ ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా మీ బంధువులూ, ఆర్టిస్టుల బంధువులే, ఫిల్మ్ గురించి వాళ్ళు చెప్పే దాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా ఉండదు. నా ఓటు ఐదారు ఫిల్ములు కలిపి వేసే నైట్‌కే, ఎందుకంటే అక్కడ మిగతా నలుగురు డైరెక్టర్ల ఫ్రెండ్స్ ఉంటారు, వాళ్ళు మీ సినిమా చూడ్డానికి వచ్చినవాళ్ళు కాదు, వాళ్ళని మూడో నిమిషం దాకా కూర్చోబెట్టారంటే మీ ఫిల్మ్‌లో విషయం ఉన్నట్టే.

ఆర్గనైజర్‌కి మెసేజ్ పెట్టేటప్పుడు మీ జీవిత చరిత్ర రాయొద్దు. వాళ్ళకి కావాల్సింది ఇంతే: "నమస్తే అండీ, నా షార్ట్ ఫిల్మ్ మీ వచ్చే షోలో వెయ్యాలనుకుంటున్నాను. నిడివి 11 నిమిషాల 40 సెకన్లు, టైటిల్స్‌తో కలిపి. తెలుగు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ బొమ్మలోనే ఉన్నాయి. ఎక్కడా పబ్లిక్‌గా పెట్టలేదు. చూడ్డానికి లింక్ పెడుతున్నా, పాస్‌వర్డ్ కింద ఉంది. ఒక మర్డర్ సీన్ ఉంది, పిల్లలు వచ్చే షో అయితే చెప్పండి." లింక్ మాత్రం పాస్‌వర్డ్‌తోనో, అన్‌లిస్టెడ్‌లోనో (లింక్ ఉన్నవాళ్ళకే కనపడేలా) పెట్టండి, పబ్లిక్ చెయ్యకండి, కొన్ని ఫెస్టివల్స్ ఇంటర్నెట్‌లో ఉన్న ఫిల్మ్ తీసుకోవు, తర్వాత బాధపడతారు. నిడివి 15 నిమిషాల లోపు ఉంటే స్లాట్ దొరకడం చాలా తేలిక, 28 నిమిషాల ఫిల్మ్ అంటే ఆర్గనైజర్ మొహమాటపడతాడు, ఎందుకంటే ఆ టైమ్‌లో ఇంకో ఇద్దరివి వెయ్యొచ్చు. ఆర్డర్‌లో ఎక్కడ కావాలి అని అడిగితే రెండోదో మూడోదో అడగండి. 6:30 షో అంటే జనం 7 దాకా వస్తూనే ఉంటారు, మొదటి ఫిల్మ్ అంతా తలుపు తీసిన వెలుతురే, చివరిది అంటే సగం మంది క్యాబ్ బుక్ చేసుకుంటుంటారు.

హక్కుల సంగతి రెండు ముక్కల్లో. సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 ప్రకారం పబ్లిక్‌గా వేసే సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, ఫిల్మ్ ఫెస్టివల్స్ కేంద్ర సమాచార ప్రసార శాఖ దగ్గర మినహాయింపు తీసుకుంటాయి, మీరు వెళ్ళే షో ఏ లెక్కలో జరుగుతోందో ఆర్గనైజర్‌ని ముందే అడగండి, టికెట్ పెడుతున్నారా అనేది కూడా. పాటలు ఇంకో తలనొప్పి. హీరో టీ కొట్టు దగ్గర నిలబడితే వెనకాల రేడియోలో పాత సినిమా పాట మోగుతుంటే సీన్ బాగుంటుంది, నిజమే, కానీ పాట మీద హక్కు వేరు, ఆ రికార్డింగ్ మీద హక్కు వేరు, రెండూ మీ దగ్గర లేవు. "పదిహేను సెకన్లే కదా" అనే మాట చట్టంలో ఎక్కడా లేదు. ఫ్రెండ్ చేత అలాంటి ట్యూన్ ఒకటి కొత్తగా కట్టించుకోండి, పని అయిపోతుంది.

ఇప్పుడు ఫిల్మ్‌ని ఒకసారి స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడండి, మొదటి షాట్ ఎప్పుడొచ్చింది? మన షార్ట్ ఫిల్ముల్లో ఒక జబ్బు ఉంది, ప్రొడక్షన్ లోగో, సమర్పణ, ఇంకో లోగో, కృతజ్ఞతలు, సిగరెట్ హెచ్చరిక, మళ్ళీ ఒక కొటేషన్, ఇవన్నీ అయ్యేసరికి నిమిషంన్నర. యూట్యూబ్‌లో అయితే లాగేస్తారు, హాల్లో లాగే సదుపాయం లేదు కాబట్టి పక్కవాడితో మాట్లాడ్డం మొదలుపెడతారు, ఒకసారి మొదలయ్యాక ఆ గుసగుసలు ఆపడం మీ మొదటి సీన్ వల్ల కాదు. హాల్ వెర్షన్‌కి ఒక్క లోగో, టైటిల్, బొమ్మ. థాంక్స్ కార్డులన్నీ వెనక్కి నెట్టండి, కారు ఇచ్చిన మామయ్య పేరు చివర్లో ఉన్నా ఏం అనుకోడు.

ఫైల్ సంగతి. మామూలు హాలుకీ కెఫేకీ ఎంపీ4 చాలు, ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో ఇవి పెట్టండి: హెచ్.264, 1920 బై 1080, బిట్‌రేట్ 20 ఎంబీపీఎస్ దగ్గర్లో, సౌండ్ ఏఏసీ 48 కిలోహెర్ట్జ్ స్టీరియో. ఆ లెక్కన 12 నిమిషాల ఫిల్మ్ 1.8 జీబీ వస్తుంది, ఏ పాత లాప్‌టాప్ అయినా లాగుతుంది. 4కే ఫైల్ తీస్కెళ్ళి గొప్పకి పోవద్దు, చాలా కాలేజీ ప్రొజెక్టర్లు 1280 బై 800 కూడా దాటవు. ఫోన్‌తో తీసినవాళ్ళు ఒకటి గమనించండి, ఫోన్ ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు అనేది) ఒక్కచోట నిలబడదు, వెలుతురుని బట్టి 29, 30, 28 అలా ఊగుతూ ఉంటుంది, దాన్ని అలాగే ఎడిట్‌లో పడేస్తే చివరికొచ్చేసరికి పెదాలు ఒకటి, మాట ఒకటి అయిపోతుంది. ఎడిట్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి, ఉచితమే. నిజం థియేటర్‌లో వేస్తున్నారంటే వాళ్ళు డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్లు వాడే ఫైళ్ళ ప్యాకేజీ) అడగొచ్చు, దానికి డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, స్కోప్ (బాగా వెడల్పు ఫ్రేమ్) అయితే 2048 బై 858, ఫ్లాట్ (మామూలు వెడల్పు) అయితే 1998 బై 1080, కానీ చేశాక అదే థియేటర్‌లో ముందు రోజు ఐదు నిమిషాలు వేసి చూడకుండా షోకి వెళ్ళకండి. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యండి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒకటి మీ జేబులో, ఇంకోటి మీ కెమెరామెన్ జేబులో. వాట్సాప్‌లో వీడియోలా పంపితే అది నలిపేసి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైల్ పేరు "ఫైనల్ ఫైనల్ 3 న్యూ" అని కాకుండా ఫిల్మ్ పేరు, నిడివి, తేదీ. ముందూ వెనకా ఐదేసి సెకన్లు నల్ల స్క్రీన్ పెట్టండి, లేకపోతే మీ ఎమోషనల్ క్లైమాక్స్ అయిన మరుక్షణం లాప్‌టాప్ వాల్‌పేపర్ మీద ఎవరి పెళ్ళి ఫొటోనో పడుతుంది.

చీకటి సీన్లు ఉన్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు, వెలుతురునే వేస్తుంది, కాబట్టి తెర మీద మీకొచ్చే నలుపు అంటే హాల్లో ప్రొజెక్టర్ ఆపేస్తే తెర ఎంత నల్లగా ఉంటుందో అంతే. ఎగ్జిట్ లైటు, కిటికీ సందు, వెనకాల కౌంటర్ ట్యూబ్‌లైటు, ఇవన్నీ కలిసి మీ నలుపుని బూడిద రంగు చేస్తాయి, డీఐలో (రంగులు సరిచేసే పనిలో) మీరు ఇష్టంగా చేసిన ఆ రాత్రి సీన్ అంతా ముద్ద. హాల్ వెర్షన్‌కి నీడల్ని కొంచెం పైకి లేపి వేరే ఎక్స్‌పోర్ట్ తీస్కోండి. చెక్ చేసే పద్ధతి తేలిక, మధ్యాహ్నం గదిలో కిటికీ తీసి ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి దించి చూడండి, అందులో హీరోయిన్ కళ్ళు కనపడితే హాల్లో కనపడతాయి. ఆరుబయట షో అయితే ఎండాకాలం హైదరాబాద్‌లో దాదాపు ఏడింటి దాకా వెలుతురే, జూన్‌లో 6:30కి మీ ఫిల్మ్ పడుతుందంటే ఒప్పుకోకండి.

సౌండ్ దగ్గర ఆగుదాం, ఎందుకంటే షోలు పోయేది ఎక్కువగా ఇక్కడే. బొమ్మ కొంచెం అటూ ఇటూ అయినా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే రెండు నిమిషాలు కూడా ఆగరు. ఇయర్‌ఫోన్స్‌లో మిక్స్ చేసింది ఫాల్స్ సీలింగ్ లేని, టైల్స్ వేసిన హాల్లో మోగితే ప్రతి మాటకీ తోక వస్తుంది, దాని మీద మీ ఆర్ఆర్ వయొలిన్లు పడితే ఇంక అంతే. డైలాగ్ ఉన్న చోటల్లా ఆర్ఆర్‌ని మూడు డెసిబెల్స్ దించి ఇంకో మిక్స్ తీయండి, మ్యూజిక్ చేసినవాడు అలుగుతాడు, అలగనివ్వండి. పైన ఫ్యాన్లు, ఏసీ హోరు కూడా ఉంటాయి, గుసగుసగా చెప్పించిన డైలాగులు ఉంటే వాటిని ప్రత్యేకంగా పైకి లాగండి.

ఇప్పుడు అసలు దెయ్యం. హాల్‌కి వెళ్ళారు, సౌండ్ సిస్టమ్ అబ్బాయి మీ లాప్‌టాప్ ఇయర్‌ఫోన్ సాకెట్లో ఈపీ జాక్ (ఇయర్‌ఫోన్ సైజు సన్న జాక్) పెట్టి అటు చివర ఒక్క స్టీరియో పీ38 జాక్‌ని (పావు అంగుళం లావు జాక్) మిక్సర్‌లో మైక్ గుచ్చే చోట గుచ్చాడు, పాట మోగుతోంది, వర్షం సౌండ్ వస్తోంది, మాటలు మాత్రం లేవు. అందరూ మిమ్మల్ని చూస్తారు, మిక్స్ పాడైందనుకుంటారు. మిక్స్‌కి ఏం కాలేదు. ఆ సాకెట్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు వైర్ల మధ్య తేడానే తీసుకునే రకం), స్టీరియో జాక్ పెడితే అది ఎడమ ఛానెల్లోంచి కుడి ఛానెల్‌ని తీసేస్తుంది, డైలాగ్ ఎప్పుడూ రెండిట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో సున్నా అయిపోతుంది, మ్యూజిక్‌లో అటూ ఇటూ తేడా ఉంటుంది కాబట్టి అది మిగులుతుంది. మందు ఏంటంటే ఈపీ నుంచి రెండు మోనో పీ38లు వచ్చే కేబుల్ పెట్టి రెండు వేర్వేరు ఛానెళ్ళలో గుచ్చడం, ఆ కేబుల్ హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదేం కాదు, మీ బ్యాగ్‌లో ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి. అది లేకపోతే లాప్‌టాప్ సౌండ్ సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి లాగెయ్యండి, కుడి సున్నా అయితే తీసెయ్యడానికేం ఉండదు, మాట తిరిగొస్తుంది. మోనో ఆన్ చెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినొద్దు, అప్పుడు రెండూ ఒకటే అయ్యి మొత్తం నిశ్శబ్దం.

ఇంకో రెండు చిన్నవి. గుయ్‌మని హమ్ వస్తుంటే లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి, ఎక్కువసార్లు అదే, అందుకే బ్యాటరీ నిండుగా పెట్టుకుని వెళ్ళండి. హెచ్‌డీఎంఐ పెట్టగానే సౌండ్ ప్రొజెక్టర్‌లో ఉన్న అగ్గిపెట్టె స్పీకర్‌లోకి వెళ్ళిపోతుంది, కింద స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్ మార్చాలి. పాత ప్రొజెక్టర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే అందులో సౌండ్ అసలు వెళ్ళదు, వేరే వైర్ కావాల్సిందే.

సబ్‌టైటిల్స్ వేరే ఫైల్‌గా కాకుండా బొమ్మలోనే బర్న్ చేసెయ్యండి, హాల్ లాప్‌టాప్‌లో ఏ ఫాంట్ ఉంటుందో ఎవరికీ తెలీదు. తెలుగు అక్షరాలు వేస్తుంటే ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చాలి, లేకపోతే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడతాయి, టైటిల్ కార్డు మీదే అలా పడిన ఫిల్ములు బోలెడు చూశాం. నేల చదునుగా ఉన్న హాల్లో తెర కింది భాగం ముందు వరస తలకాయలకి పోతుంది, అందుకని సబ్‌టైటిల్‌ని మామూలు కంటే కొంచెం పైకి జరపండి.

షో రోజు గంటన్నర ముందు వెళ్ళండి. ఆర్గనైజర్ ఒక్కడే కుర్చీలు వేసుకుంటూ ఉంటాడు, నాలుగు కుర్చీలు మీరూ వెయ్యండి, తర్వాత "అన్నా, ఒక్క రెండు నిమిషాలు మా ఫిల్మ్ వేసి చూస్తా" అంటే కాదనడు. మొదటి నుంచి వెయ్యకండి, అన్నిటికన్నా చీకటి సీన్ ముప్పై సెకన్లు, అన్నిటికన్నా మెల్లగా మాట్లాడే సీన్ ముప్పై సెకన్లు, అన్నిటికన్నా గోలగా ఉన్న చోటు పది సెకన్లు, అంతే. ఆ మెల్లటి సీన్ నడుస్తుంటే మీరు చివరి వరసలోకి వెళ్ళి వినండి, ఖాళీ హాల్లో సరిపోయిన వాల్యూమ్ జనం నిండాక సరిపోదు, బట్టలూ మనుషులూ సౌండ్ తాగేస్తారు, కొంచెం ఎక్కువే పెట్టించండి. ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా ప్లే చెయ్యకుండా డెస్క్‌టాప్ మీదకి కాపీ చేయించండి. వీఎల్‌సీలో మొదట్లో ఫైల్ పేరు తెర మీద పడే ఆప్షన్ ఉంటుంది, తీసెయ్యండి. స్లీప్ ఆఫ్, నోటిఫికేషన్లు ఆఫ్, వాట్సాప్ వెబ్ మూసెయ్యడం, ఇవి ఎవరి లాప్‌టాప్ అయినా సరే అడిగి చేయించండి.

మీ తరఫున ఎంతమందిని తీసుకెళ్ళాలి? ఆర్టిస్టులూ టీమూ వస్తారు ఎలాగూ, అంతకు మించి వద్దు. మీ గ్యాంగ్ పాతిక మంది వచ్చి హీరో ఎంట్రీకి ఈలలు వేస్తే మిగతా హాలంతా బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నిజంగా నవ్వాల్సిన చోట కూడా నవ్వరు. వచ్చినవాళ్ళకి ముందే చెప్పండి, ఈలలొద్దు, మిగతా ఫిల్ములు కూడా చూసే వెళ్ళాలి. తమ ఫిల్మ్ అవ్వగానే టీమంతా లేచి బయటికెళ్ళి ఫొటోలు దిగే బ్యాచ్ ఒకటి ప్రతి షోలోనూ ఉంటుంది, ఆర్గనైజర్లు ఆ పేర్లు గుర్తు పెట్టుకుంటారు.

మీరు మాత్రం ముందు వరసలో కూర్చోకండి. పక్క గోడ దగ్గర, మధ్యకి కొంచెం వెనకగా, తెర కంటే జనం మొహాలు బాగా కనిపించే చోటు చూసుకోండి. ఫిల్మ్ మీరు వెయ్యిసార్లు చూశారు, ఇవాళ తెర వైపు చూసే పనే లేదు. చిన్న కాగితం, పెన్ను, చేతి గడియారం. ఫోన్‌లో రాసుకోవద్దు, మీ ఫోన్ వెలుతురు చూసి పక్కవాడూ తీస్తాడు. రాయాల్సింది టైమ్, ఒక మాట, అంతే: "3:10 నవ్వు, తర్వాతి డైలాగ్ మింగేసింది", "5:40 మూడు ఫోన్లు", "7:00 దగ్గులు". దగ్గులంటే వెటకారం కాదు, కథలో పట్టు ఉన్నంతసేపు మనుషులు దగ్గు కూడా ఆపుకుంటారు, వదులు అవ్వగానే నలుగురు ఒకేసారి గొంతు సవరించుకుంటారు, కుర్చీలు కిర్రుమంటాయి. 5:40కి ఫోన్లు తీశారంటే తప్పు సరిగ్గా 5:40లో ఉండదు, అరనిమిషం ముందు వెతకండి, ఏదో సీన్ అప్పటికే అయిపోయి కూడా నడుస్తూ ఉండి ఉంటుంది.

తర్వాత మైక్ ఇస్తారు. బడ్జెట్ లేదు, రెండు రోజుల్లో తీశాం, వర్షం పడింది, హీరో చెయ్యి ఇచ్చాడు, ఇవేవీ చెప్పకండి, టికెట్ కొన్నా కొనకపోయినా ప్రేక్షకుడికి మీ కష్టాలతో సంబంధం లేదు. కథ అర్థం కాలేదని ఎవరన్నా అంటే వివరించడం మొదలుపెట్టకండి, మీరు చెప్పేసిన మరుక్షణం హాలంతా "ఆ, అర్థమైంది" అనేస్తుంది, నిజంగా ఎంతమందికి అర్థం కాలేదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది బ్రో" తప్ప ఏం రాదు. సూటిగా అడగండి: ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోతోందని మీకు ఏ సీన్‌లో తెలిసింది? తమ్ముడు అబద్ధం చెప్తున్నాడని అనిపించిందా? వేర్వేరు జవాబులు వస్తే ఆ సీన్ మళ్ళీ చూసుకోవాలి. ఇంకోటి, ముగ్గురు నలుగురు వరసగా "కెమెరా వర్క్ సూపర్" అన్నారంటే కథ ఎక్కలేదని అర్థం, మర్యాదస్తులు అలాగే చెప్తారు. అసలైన మాటలు మైక్‌లో రావు, బయట చాయ్ దగ్గర వస్తాయి, అక్కడ మీరు మాట్లాడకుండా కప్పు పట్టుకుని నిలబడండి చాలు.

బయటికొచ్చేముందు హాల్ లాప్‌టాప్‌లోంచి మీ ఫైల్ డిలీట్ చెయ్యండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా, పెన్‌డ్రైవ్ వెనక్కి తీస్కోండి. ఆ రాత్రే ఎడిట్ తెరవొద్దు, రెండు రోజులు పోనిచ్చి కాగితం ముందు పెట్టుకుని టైమ్ రాసుకున్న చోట్లే ముట్టుకోండి, ఎవరో ఒక్కడు అన్న మాటకి క్లైమాక్స్ మార్చెయ్యకండి, కాగితం మీద ఒకే చోట రెండు మూడు గుర్తులు పడ్డాయా, అది కత్తిరించండి. నవ్వు మింగేసిన డైలాగ్ ముందు ఒక సెకను గ్యాప్ ఇవ్వండి. కొత్త ఫైల్‌కి కొత్త తేదీ పెట్టి, పాతది టీమ్ గ్రూప్‌లోంచి తీయించేసి, ఇంకో ఊళ్ళో షో నడిపేవాళ్ళకి అదే మెసేజ్ నిడివి మార్చి పంపండి.